ఎడమ డబ్బా

హోం థియేటర్ బిగించి కొడుకు నరేశ్ డ్యూటీకి పోయాడు. కరీంనగర్ దుకాణంలో దాన్ని ఎంచింది మాత్రం తండ్రి అంబదాసే. అన్నిటినీ మోగించి చూసి, "గిది గట్టిగుంది, గిదే కట్టుండ్రి" అన్నాడు. సిరిసిల్లలో అతను సాంచెలు నడుపుతాడు. ఆ మరమగ్గాల చప్పుడు జర మారినా ఎక్కడ చెడిందో చెప్తాడని వాడకట్టులో పేరు.

ఇంట్లో కూర్చుని వింటే చప్పుడంతా కుడివైపు స్పీకర్ డబ్బా నుంచే వచ్చింది. మర్నాడే దుకాణానికి పోయి, కొనడానికొచ్చిన గిరాకీల ముందు అరిచాడు.

"ఎడమ డబ్బ సచ్చింది. పాతది అంటగట్టిన్రు. దొంగ బేరమా?"

యజమాని శ్యాంసుందర్ ఎదురు చెప్పలేదు. "వచ్చి మైకు పెట్టి చూస్త కాకా. ఇల్లు నిమ్మళంగ ఉండాలె."

అందుకని పక్క షెడ్డు హనుమండ్లుతో సాంచెలు బంద్ పెట్టించాడు అంబదాసు. దొంగతనం బయటపడేది చూడమని వాడకట్టువాళ్లనూ పిలిచాడు.

శ్యాంసుందర్ వచ్చి, కుర్చీలో తల ఉండే ఎత్తున చిన్న మైకు నిలబెట్టాడు. ఒక్కో స్పీకర్ మోగుతుంటే అది విని, గదికి తగ్గట్టు సరిచేస్తుందట. కుడి డబ్బా బుస్సుమంది. ఆగింది. మళ్లీ బుస్సుమంది.

"చూసిన్రా! మల్ల కుడిదే!" అంటూ లేచాడు అంబదాసు.

అందరి తలలూ ఎడమవైపు తిరిగి ఉన్నాయి.

"ఏంది బావా," అన్నాడు హనుమండ్లు, "ఎడమ దిక్కుకెల్లే గద మోగుతుంది. జర చెవుల దూది తియ్యి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా కుడివైపు నుంచే వినిపించింది.

"నడుమ మాట్లాడితే మైకు పట్టది కాకా. మల్లోసారి పెడత," అన్నాడు శ్యాంసుందర్. గొంతులో కోపం లేదు. అంబదాసుకు అదే ఎక్కువ తగిలింది.

ఈసారి అంబదాసు వినలేదు, ముఖాలు చూశాడు. మనవరాలు నవ్యశ్రీ చూపు ఎడమకు పోగానే తల వంచుకున్నాడు.

అన్నీ సరిగ్గా ఉన్నాయని తెర మీద వచ్చింది.

"ఆ దిక్కు నీకు జర పెంచాల్నా?" మెల్లగా అడిగాడు శ్యాంసుందర్.

"వద్దు సేటూ. ఇంట్లోళ్లకు సక్కగుండని."

భార్య భూమవ్వ చాయ్ తెచ్చింది. అంబదాసు గిలాస అందుకుని తనే శ్యాంసుందర్‌కు ఇచ్చాడు. "నిన్ను గిరాకీల ముంగట... రేపు నేనే దుకాణంకొచ్చి..."

భూమవ్వ ఎప్పటిలాగే వచ్చి అతని కుడి పక్కన నిలబడింది. తినేటప్పుడైనా, బజారుకు నడిచేటప్పుడైనా ఆమె ఉండేది ఆ పక్కనే. ఎందుకో ఇన్నాళ్లూ అడగలేదు. ఇప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాడు.

"సాంచెలు నడిపియ్యి బామ్మర్దీ," అన్నాడు హనుమండ్లుతో. "జల్ది నడిపియ్యి."