ఉన్నారు, లేరు

నేను ఒక చెక్క పలకను. ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖ వరండాలో వేలాడుతుంటాను. నా మీద అధ్యాపకుల పేర్లు, ఒక్కో పేరు పక్కన ‘ఉన్నారు’, ‘లేరు’ అన్న మాటలు, వాటిలో ఒకదాన్ని కప్పే జారుడు బిళ్ల ఉంటాయి. వచ్చినప్పుడు ఇటు, వెళ్లేటప్పుడు అటు జరపాలి. నేను నిజం చెబుతాననుకునే నన్ను చేశాడు ఆ వడ్రంగి, పాపం.

ఇక్కడి ఆచారం వేరు. పొద్దున్నే అటెండరు కొమ్మాలు వరండా ఊడ్చి, అందరినీ ఒక్క ఊపున ‘ఉన్నారు’ చేసేస్తాడు. ఏ రాజు ఏ రోజున ఎక్కడున్నాడో తేల్చడానికి కొట్లాడుకునే పండితులు, తామెక్కడున్నారో మాత్రం నాకు చెప్పరు.

ఆ అబద్ధానికి నేనూ అలవాటు పడ్డాను, నీలవేణి వచ్చేదాకా. ఆమె విశ్వపతి గారి దగ్గర పరిశోధన చేసేది. సిద్ధాంత గ్రంథం సమర్పించే ఆఖరి రోజున, ఆయన సంతకం కోసం నా కింది బెంచీ మీద కూర్చుంది. ఆయనేమో హైదరాబాదులో ఉన్నారు. ఆయన సమయపాలనకు మెచ్చి పూర్వ విద్యార్థులు సన్మానం చేస్తున్నారట. మధ్యాహ్నం ఆమె శాఖాధిపతిని బతిమాలింది. ఆయన నా వైపు చూశారు.

“సారు లేకుంటే నేనే పెడుదునమ్మా. ఉన్నరని బోర్డు మీద ఉన్నది గద. ఉన్న మనిషిని దాటి నేనెట్ల పెడ్త?”

ఆఫీసు మూశారు. ఆమెకు ఏడాది పోయింది, ఆ ఏడాది ప్రకటన పడిన ఉద్యోగమూ పోయింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి ఆమె ఇదే శాఖలో అధ్యాపకురాలైంది. మొదటి రోజే కొమ్మాలుకు చెప్పింది: “నా పేరు ముట్టకు అన్నా. నేనే జరుపుకుంట.” ఏళ్ల తరబడి అలాగే జరుపుకుంది. నా ఒంటి మీద పరువున్న చోటు అదొక్కటే.

మొన్న పూర్వ విద్యార్థుల సంఘం ఆమెకూ సన్మానం పెట్టింది. కారు వచ్చి తొందరపెడితే బిళ్ల జరపకుండానే వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె దగ్గర పరిశోధన చేసే రవీందర్ వచ్చాడు. అతనికి అదే ఆఖరి రోజు. సన్మానం సందడిలో ఆమె ఆ సంగతి మరిచిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇప్పటి శాఖాధిపతీ నన్ను చూసి, ఆమె ఉండగా తాను పెట్టనన్నాడు. అరవడానికి నాకు నోరు లేదు.

ఆఫీసు మూశాక ఆమె శాలువాతో తిరిగి వచ్చింది.

“ఎప్పుడొచ్చినవ్ రవీందర్?”

“పొద్దున్నే మేడం. మీరు ఉన్నరని బోర్డు మీద చూసి కూసున్న.”

ఆమె శాలువా సంచిలో కుక్కి, తన బిళ్లను జరిపి ‘ఉన్నారు’ను కప్పేసింది. అతని ముఖం చూడలేక నా వైపే తిరిగి నిలబడింది. ఆమె అక్కడే ఉంది. నేను లేరని చెబుతున్నాను.