బెలూను మీద ఆంజనేయస్వామి

నేను ఒక సెన్సరును. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండను. కారు ముక్కులో, బంపరు వెనకాల, ఎవరికీ కనపడని చోట నన్ను బిగిస్తారు. మీరు కారు కొనేటప్పుడు రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు, పాటలు ఎంత గట్టిగా మోగుతాయో పరీక్షిస్తారు. నా సంగతి ఒక్కరూ అడగరు. అడగకపోయినా మీ ప్రాణం కాపాడే పని నాదే.

పని చిన్నదే. కారు దేనికైనా గట్టిగా గుద్దుకుంటే ఆ అదురు అందరికన్నా ముందు నాకు తెలుస్తుంది. నా కడుపులో ఆవగింజకన్నా చిన్న బరువొకటి సన్నని స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది. అది ఒక్కసారిగా తూలిందంటే నేను తీగ మీద కేక పెడతాను. గేరు దగ్గర దాక్కున్న పెట్టె ఆ కేక విని, బెలూన్లలా ఉబ్బే ఎయిర్‌బ్యాగుల్ని లేపుతుంది. మీరు రెప్ప వేసేలోగా ఇదంతా అయిపోతుంది. అయితే నాకు జీవితంలో ఒకటే కేక. అది పెట్టాక నన్ను పీకేస్తారు. చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో నన్ను పుట్టించినవాళ్లు వేడిలో ఉడికించి, చలిలో వణికించి, బల్లకేసి కుదేసి నేర్పిన చదువంతా ఒక్కటే: నోరు ఎప్పుడు మూసుకోవాలి, ఎప్పుడు తెరవాలి. మా యజమానికి ఆ చదువు చెప్పినవాళ్లు లేరు.

ఆయన పేరు చెంచురామయ్య గారు. నరసరావుపేటలో మిర్చి వ్యాపారం. యాభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నారు. నేర్పినవాడు స్టీరింగు కన్నా ముందు తిట్లు నేర్పినట్టున్నాడు. ఆటో ఎదురొచ్చినా తిట్టేవారు, వెనక హారన్ మోగినా తిట్టేవారు, రోడ్డు ఖాళీగా ఉంటే ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టర్ని తిట్టేవారు. తిట్టు అవతలివాడికి అందాలి కాబట్టి మండువేసవిలో కూడా ఏసీ వేసి అద్దం దించుకునేవారు. అందువల్లే కారులో మాటలన్నీ బంపరు వెనకున్న నాకు కూడా వినిపించేవి. కారు దిగితే మాత్రం అంత మెత్తని మనిషి లేరు. మిర్చి బేరంలో కూడా గొంతు పెంచరు. భార్యాభర్తలిద్దరూ సీటుబెల్టు తప్పకుండా పెట్టుకునేవారు, ఆయన పోలీసులకు భయపడి, ఆవిడ ఆయన డ్రైవింగుకు భయపడి.

కారు కొన్న రోజు పూజ చేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్ మీద పసుపు రాశారు. కొబ్బరికాయ మాత్రం సరిగ్గా నా నెత్తిన, బంపరుకేసి కొట్టారు. పైగా ఇంజను ఆన్‌లో ఉంది, అంటే నేను మెలకువగానే ఉన్నాను. నా ప్రాణం గిలగిల్లాడింది గాని, కొబ్బరికాయకు కేక పెడితే మా వంశం పరువేం కావాలని ఓర్చుకున్నాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చెంచురామయ్య గారి భార్య భ్రమరాంబ గారు పొన్నూరు నుంచి ఇత్తడి ఆంజనేయస్వామిని తెచ్చారు. జానెడు విగ్రహం, చేతిలో గద. ఎక్కడ పెట్టాలా అని వెతికితే డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు, ఆవిడ సీటుకు ఎదురుగా, చదునైన చోటు కనిపించింది. అక్కడ ఇంగ్లీషులో ఏవో అక్షరాలున్నాయి. వాటికి కుంకుమ బొట్లు పెట్టి, వాటి మీదే స్వామిని జిగురుతో అంటించారు. ఆ అక్షరాలు ‘ఎయిర్‌బ్యాగ్’ అని.

ఆ మూత కింద మడతపెట్టుకుని పడుకున్న బ్యాగు తీగ మీద నాకు కబురు పెట్టింది. ‘నా నెత్తిన దేవుణ్ణి కూర్చోబెట్టారు. నువ్వు కేక పెడితే నేను మూత బద్దలు కొట్టుకుని లేస్తాను. స్వామి గదతో సహా ఎగిరి ఆవిడ మొహాన పడతాడు. నన్నేం చెయ్యమంటావు?’

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కేక పెడితే ఆవిడకు విగ్రహం దెబ్బ, పెట్టకపోతే డ్యాష్‌బోర్డు దెబ్బ. పెద్దాయన డ్రైవింగు చూస్తే ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒకటి తప్పేలా లేదు. భ్రమరాంబ గారంటే నాకు ప్రాణం. కారు గుంతలో పడ్డప్పుడల్లా ‘పాపం, బండికి దెబ్బ తగిలిందేమో’ అనే మనిషి ఆవిడ ఒక్కరే. అలాంటి ఆవిడ మొహం నా మూలంగా పగలడమా అని రోజూ కుమిలిపోయాను.

ఇలా ఉండగా ఒకరోజు చిలకలూరిపేట రోడ్డులో ఒక ఆటో అడ్డం వచ్చింది.

“ఎవుడ్రా నీకు లైసెన్సు ఇచ్చింది? నీ తాడు తెగ, మీ తాత కట్టించాడంట్రా ఈ రోడ్డు?” అన్నారు చెంచురామయ్య గారు తల బయటపెట్టి.

“ఏందండీ ఆ మాటలు? ఎదురుగా సామి ఉన్నాడు,” అన్నారు భ్రమరాంబ గారు.

“సామిని కాదుగా నేనన్నది.”

“సామికి చెవుల్లేవా? చెవులు మూసుకుందామన్నా చేతిలో గద ఉందాయె. మీ నోరన్నా మార్చుకోండి, లేకపోతే సామినన్నా ఇంటికి తీసకపోతా.”

ఆయన లెంపలేసుకుని ఇక తిట్టనని స్వామి మీద ఒట్టు పెట్టుకున్నారు. నేను హడలిపోయాను. ఆ ఒట్టు నిలబడితే విగ్రహం అక్కడే ఉండిపోతుంది. అదృష్టం బాగుండి ఒట్టు రైల్వే గేటు దాటలేదు. గేటు దగ్గర ఒక లారీ వరస తప్పి ముందుకు దూరింది. పెద్దాయన అద్దం సగం ఎక్కించి, మళ్లీ దించారు. తర్వాత కట్ట తెగింది. ఆ సాయంత్రమే ఆవిడ విగ్రహాన్ని పీకి, కొంగు చాటున పెట్టుకుని పూజగదికి తీసుకుపోయారు. నేనూ బ్యాగూ పండగ చేసుకున్నాం.

శ్రావణమాసంలో ఇద్దరూ బంధువుల గృహప్రవేశానికి బయలుదేరారు. దారిలో ఒక ట్రాక్టరు సైడు ఇవ్వలేదు. ఎలాగో దాన్ని దాటాక, దాని డ్రైవర్ని తిట్టడానికి చెంచురామయ్య గారు తల బయటపెట్టి వెనక్కి తిరిగారు. తిట్టు కాస్త పొడుగైంది. ముందు కల్వర్టు గోడ ఉందని ఆయన చూసుకోలేదు. నా కడుపులో బరువు తూలింది. అది గుంత కాదు, కొబ్బరికాయ కాదు. ఉన్న ప్రాణమంతా పెట్టి ఒక్క కేక వేశాను.

బ్యాగులు లేచాయి. కారంతా తెల్లటి పొడి. బానెట్ ముడుచుకుపోయింది, నేను నడుం విరిగి వేలాడుతున్నాను. లోపల ఏ అలికిడీ లేదు. నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

“ఏమే, ఉన్నావా?” పెద్దాయన పొడిలో తడుముకుంటూ అడిగారు.

“ఉన్నా. నా కళ్లజోడు యాడ పడ్డదో చూడండి.”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మొహాన గీత కూడా పడలేదని తర్వాత జనం అనుకుంటుంటే విన్నాను. ఆయన నోటి మూలంగా గోడకు గుద్దుకున్నారు, ఆయన నోటి మూలంగానే ఆవిడ బతికారు. ఇది నాకూ బ్యాగుకూ తప్ప ఎవరికీ తెలియదు.

కారును గుంటూరులో ఒక వర్కుషాపుకు తెచ్చారు. నన్ను విప్పి గేటు పక్కన తుక్కు డబ్బాలో వేశారు. నా చోట కొత్త సెన్సరు, లేచిన బ్యాగుల చోట కొత్త బ్యాగులు వచ్చాయి. కారు తీసుకుపోవడానికి దంపతులిద్దరూ వచ్చారు. భ్రమరాంబ గారి చేతిసంచిలో ఇత్తడి విగ్రహం ఉంది.

“సామిని దించాం, గోడకి గుద్దుకున్నాం. ఆయనుంటే ఇట్టా అయ్యేదా? ఈసారి గట్టిగా అంటించు నాయనా,” అన్నారు మెకానిక్కుతో.

“అమ్మా, ఆ మూత కింద బ్యాగు ఉంటది…” అని అతను నసిగాడు.

“సామి ఉంటే ఆ బ్యాగుతో మనకేం పని?” అన్నారావిడ.

అతను జిగురు పూసి అంటించాడు. చెంచురామయ్య గారు కల్వర్టు గోడకు గుద్దినప్పట్నుంచి నోటి వెంట ఒక్క తిట్టు రానివ్వలేదట. కొత్త సెన్సరుకు చెబుదామంటే నాకిప్పుడు తీగ లేదు. చివరికి ఆ దేవుడికే చెప్పుకున్నాను. ‘స్వామీ, సముద్రం దాటినవాడివి, నీకు తెలియనిది కాదు. ఆ తల్లి బతకాలంటే నువ్వు ఆవిడ ఎదురుగా ఉండకూడదు. దయచేసి ఆ పెద్దాయన నోరు బాగుచెయ్యకు.’

కారు గేటు దాటుతుండగా ఒక ఆటో అడ్డంగా తిరిగింది. బ్రేకు కీచుమంది. అద్దం దించే ఉంది. నేను డబ్బాలో ఊపిరి బిగబట్టాను. పెద్దాయన ఏమీ అనలేదు.

ఆటోవాడు వెళ్లిపోతూ వెళ్లిపోతూ, “చూసుకుని తోలు పెద్దాయనా,” అన్నాడు.

ఇక చెంచురామయ్య గారు వాడి తాతతో మొదలుపెట్టి, వాడి ఆటోను, ఆ ఆటో పుట్టిన ఫ్యాక్టరీని, ఆ ఫ్యాక్టరీకి ముహూర్తం పెట్టిన పంతుల్ని వరసగా అందుకున్నారు. అంత కమ్మటి మాటలు నేను పుట్టి ఎరగను.

“బండి ఆపండి,” అన్నారు భ్రమరాంబ గారు. “జిగురింకా ఆరలేదు. సామి నాతో ఇంటికొస్తాడు.”