రెండు బ్రేకుల బండి

నేను ఒక కారును. రవాణాశాఖ కాగితాల్లో అలా ఉంది కాబట్టి ధైర్యంగా చెప్పుకుంటున్నాను. మొదట కాకినాడలో ఒక పళ్ల డాక్టరుగారు నన్ను కొని, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేశారు. ఆ వైభోగం నాలుగేళ్లే. తర్వాత పెళ్లిళ్లకు కిరాయికి తిరిగి, చివరికి పాలకొల్లులో డ్రైవింగ్ స్కూలు నడిపే ఇజ్రాయేలు మాస్టారి చేతికొచ్చాను. ఆయన నాకు చేసిన మొదటి మర్యాద, ఎడమ సీటు ముందు ఇంకో బ్రేకు బిగించడం. నేర్చుకునేవాళ్లు తొక్కకపోతే ఆయన తొక్కుతాడు. రెండో మర్యాద, ముందూ వెనకా 'ఎల్' అక్షరం అంటించడం. తొమ్మిదేళ్లయినా అది ఊడలేదు. నా దగ్గర నేర్చుకున్న వందలమంది లైసెన్సులు తెచ్చుకున్నారు. నేను మాత్రం రోజూ మళ్లీ మొదటి గేరే. నాలాంటి మొద్దు విద్యార్థి జిల్లాలో ఇంకోటి ఉండదు.

మంగతాయారుగారు హైస్కూల్లో హిందీ టీచరు. యాభై మూడో ఏట స్టీరింగు పట్టుకున్నారు. భర్త సత్యప్రసాద్‌గారికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు భీమవరంలో డయాలసిస్. "నేనున్నాగా, నీకెందుకు?" అని ముప్పై ఏళ్లు ఆమెను స్టీరింగు ముట్టుకోనివ్వని మనిషి, ఇప్పుడు కారెక్కడానికే భుజం పట్టుకోవాలి. ఇంట్లో కారుంది, నడిపేవాళ్లు లేరు. కిరాయి డ్రైవరు ఎగ్గొట్టిన రోజున ఆయన ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో రెండు రోజులు కూర్చునే నిద్రపోయేవారు.

తన విద్యార్థుల కంట పడకూడదని ఆమె ముఖానికి చున్నీ చుట్టుకుని తెల్లారేసరికి వచ్చేవారు. చిన్నపిల్లలకు పడతామని భయం. పెద్దవాళ్లకు పడితే ఎవరు చూస్తారోనని భయం. మొదటిరోజే నన్ను ఇసుకగుట్ట ఎక్కించారు. పళ్ల డాక్టరుగారి దగ్గర పూలదండ వేయించుకున్న నేను, మూతినిండా ఇసుకతో దిగాను.

నెల తిరిగేసరికి బండి చక్కగా ఆగుతోందని ఆమెకు నమ్మకం కుదిరింది. సగంసార్లు ఆపింది ఇజ్రాయేలు కాలని నాకు తెలుసు. చెప్పలేదు. అబద్ధం ఆడటానికి నోరుండక్కర్లేదని అప్పుడే తెలిసింది.

ఒక సోమవారం ఆమె పరుగెత్తుకుంటూ వచ్చారు. ముఖానికి చున్నీ లేదు.

"మాస్టారూ, డ్రైవరు ఫోనెత్తట్లేదండి. ఏడింటికల్లా ఆయన్ని చేర్చకపోతే బెడ్డు వేరేవాళ్లకిచ్చేస్తారండి. మీరొకసారి తీసుకెళ్లరా?"

"సారుని ఎక్కించండి మేడమ్. నడిపేది మీరే."

"నేనా! భీమవరందాకానా!"

"ఇవాళ నేను నడిపేస్తే గురువారం ఎవరు నడుపుతారండీ?"

ఇంటికెళ్లి ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టారు. వీరవాసరం దాటి కాలువ గట్టు రోడ్డెక్కాక, ఇజ్రాయేలు చెప్పులు విప్పి, కాళ్లు రెండూ పైకెత్తి సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏంటయ్యా అదీ! కాళ్లు దింపు!" వెనకనుంచి సత్యప్రసాద్‌గారు కేక పెట్టారు.

"ఇక నా కాలు లేదండి మేడమ్. ఉన్నది మీదే."

అంతలో పక్క డొంకలోంచి గడ్డిమోపుల ట్రాక్టరు రోడ్డు మీదికొచ్చింది. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ పడనంత భయం పడ్డాను. నా ఎడమ లైటు ఎలాగూ వెలగదు, ఉన్న ఒక్క కన్నూ మూసుకున్నాను. ఆమె తొక్కారు. గడ్డి నా బానెటును తాకేంత దగ్గరలో ఆగాను. కన్ను తెరిచి చూస్తే ఇజ్రాయేలు బాసింపట్టు సడల్లేదు.

"గేరు మార్చు, తాయారూ..." అన్నారు వెనకనుంచి సత్యప్రసాద్‌గారు.

"నాకు తెలుసండీ. మీరు ఊరుకోండి."

ఏడింటికి పది నిమిషాలుండగా ఆసుపత్రి ముందు ఆగాం. దిగాక ఆమె నా బానెటు మీద చెయ్యి వేసి ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. రేడియేటరు కారుతోందని ఇజ్రాయేలు గొణిగాడు.

తర్వాత ఆమెకు లైసెన్సు వచ్చింది. నాకు పదిహేనేళ్లు నిండి, కాగితాల గడువు తీరింది. ఇప్పుడు భీమవరం రోడ్డు పక్కన పాత ఇనుము కొట్టులో ఉన్నాను. చక్రాలు ఎవరో పట్టుకెళ్లారు, ఇటుకల మీద నిలబడ్డాను. సోమవారం, గురువారం ఆరున్నరకి ఒక తెల్లకారు ఇటుగా వెళ్తుంది. వేగం నలభై దాటదు. వెనక బస్సులు హారన్లతో గోల పెడుతుంటాయి, మంగతాయారుగారు లెక్కచేయరు. పక్క సీట్లో సత్యప్రసాద్‌గారు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతూ ఉంటారు.