పెద్దకొట్టు వరండాలో నిప్పుతాడు

1944 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు శనివారం పొద్దున, నరసరావుపేట పెద్దకొట్టు వరండాలో మంట లేచింది.

ఆ కొట్టు అప్పటికి ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. యజమాని గోపాలకృష్ణయ్య తండ్రి ఉప్పు, కిరసనాయిలుతో మొదలుపెట్టాడు. తరవాత బట్టలు, ఇత్తడి సామాను, నాగలి కర్రులు చేరాయి. చివరి గదిలో బావులు తవ్వేవాళ్లకూ రాళ్లు కొట్టేవాళ్లకూ పేలుడు మందు అమ్మేవారు. దానికి లైసెన్సు ఉంది. ఎవరు ఏది కొన్నా బట్టల గది మీదుగా వరండాలోకి రావాలి. వేరే దారి లేదు.

వరండా స్తంభానికి కొబ్బరితాడు వేలాడేది. దాని కొసన నిప్పు రోజంతా రగులుతూ ఉండేది. వచ్చినవాళ్లు దానితో చుట్టలు ముట్టించుకునేవారు. యుద్ధం వల్ల అగ్గిపెట్టెలు దొరక్క ఆ తాడు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు.

ఆ శనివారం కోటప్పకొండ తిరనాళ్లకు బట్టలు కొనేవాళ్లతో కొట్టు నిండింది. లోపల గోపాలకృష్ణయ్య భార్య వీరరాఘవమ్మ పసుపు తూస్తోంది. ఆమె వెనక గోడకు అవతల మందు గది.

రాళ్లు కొట్టే జక్కయ్య మందు సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చాడు. బరువు తగ్గినట్టు అనిపించి సంచి దించాడు. అడుగున చిరుగు ఉంది. వెనక్కి చూశాడు. నాపరాళ్ల నేల మీద, గడప మీదుగా, మందు గది దాకా నల్లటి గీత. దాని ఈ చివర స్తంభం కింద ఉంది. అక్కడ బేరానికొచ్చిన చిన్నకోటయ్య చుట్ట నోట్లో పెట్టుకుని తాడు కొసను ఊదుతున్నాడు.

జక్కయ్య చిరుగును పిడికిట్లో బిగించి, సంచితో సహా లోపల గల్లాపెట్టె దగ్గరకు వెళ్లి గోపాలకృష్ణయ్య చెవిలో సంగతి చెప్పాడు.

"కేకేస్తే?" అన్నాడు గోపాలకృష్ణయ్య.

"జనమంతా తాడు కాడికే ఉరుకుతారయ్యా. ఇంకో దోవ యాడుంది?"

గోపాలకృష్ణయ్య కూర్చున్నచోటు నుంచే పిలిచాడు. "ఒరేయ్ కోటయ్యా, తాడు ఊదమాక. కదిలించమాక. అట్టనే పట్టుకో."

"ఏందయ్యా, నిప్పుక్కూడా రేషనా?"

వరండాలో ఇద్దరు నవ్వారు.

"పట్టుకోరా, చెబుతా."

అప్పుడే, కొట్టుకు నీళ్లు పోసే గురవమ్మ నెత్తిన కుండతో గడప దగ్గరకు వచ్చింది.

"గురవమ్మా, ఆ కుండ గడప మీద కుమ్మరించు," అన్నాడు గోపాలకృష్ణయ్య.

"నేల మీదా? ఊరవతల బావి కాడ నుంచి మోసుకొచ్చా. మతి పోయిందా ఏంది మీకు?"

"పోసెయ్."

"మళ్లీ ఎవురు తెస్తారు? మీరు తెస్తారా?"

జక్కయ్య ఆమె పక్కకు వచ్చాడు. "అక్కా, కాళ్ల కింద చూడు. మందు."

గురవమ్మ చూసింది. కుండ దించలేదు. నెత్తి మీద నుంచే వంచింది. నీళ్లు గడప పొడవునా పారాయి.

మందు అన్న మాట చిన్నకోటయ్యకు వినపడింది. ఉలిక్కిపడి తాడు వదిలేశాడు. తాడు కొస నుంచి నిప్పురవ్వ రాలింది. మంట గీత వెంట గడప దాకా వచ్చి తడి దగ్గర ఆగింది. పొగలో వీరరాఘవమ్మను ఎవరో పిలిచారు. ఆమె పలికింది.

చిన్నకోటయ్య కుడిపాదం కాలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే తాడు తీసేశారు. గోపాలకృష్ణయ్య మందు లైసెన్సు వదులుకున్నాడు.

1949లో కొట్టు పెంచడానికి నేల తవ్వించారు. రాళ్ల సందుల్లో నల్లటి పొడి కనిపించింది. నీళ్లు పోస్తేగాని గడ్డపార పట్టేది లేదన్నారు కూలీలు. గురవమ్మ నీళ్లు తెచ్చింది.