చింతచెట్టుకు పాజిటివ్

తాండూరులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, హైదరాబాదు ల్యాబు నుంచి మల్లికార్జున్ సారు ఫోన్ చేశారు.

"నవనీతా, మన చింతచెట్టు శాంపిల్లో కరోనా వైరస్ దొరికింది. పాజిటివ్!"

"పాజిటివా సార్! సూపర్ సార్!" అని గట్టిగా అరిచాను.

బస్సంతా నా వైపు తిరిగింది. నాకు పట్టలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ చదువుకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది. కోట్‌పల్లి అవతల ఒక ఊరి చివర చింతచెట్టు కింద ప్లాస్టిక్ షీటు పరచాలి. పైన వేలాడే గబ్బిలాలు వేసిన రెట్టలను సన్నటి గొట్టాల్లోకి ఎత్తి, ఐసు డబ్బాలో హైదరాబాదుకు పంపాలి.

"బీఎస్సీ చదివి రెట్టలెత్తుతున్నవా?" అని కుల్కచర్ల నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

"ఇంట్ల గొర్ల పెంట ఎత్తలేదానే?" అంటాను.

ఏ కాలంలో వైరస్ పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో తెలియాలంటే ఏడాది పొడుగునా ఒకే చెట్టును చూడాలి. ఆ చెట్టు పోతే పనంతా మొదటికొస్తుంది.

సారు ఇంకో మాట కూడా చెప్పారు. ఇది కోవిడ్ తెచ్చిన వైరస్ కాదు, గబ్బిలాల్లో తిరిగే వేరే రకం. మనుషులకు సోకినట్టు ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. ఆ మాటకు నేను మెల్లగా "సరే సార్" అన్నాను. అది మాత్రం బస్సులో ఎవరికీ వినబడలేదు.

కోట్‌పల్లిలో దిగి, ఆ సంతోషంలో మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి, ఆటో ఎక్కాను. బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న జంగప్పది ఆ చెట్టున్న ఊరే. ఆయన బజ్జీల దగ్గర ఆగలేదు. బస్టాండులో పెట్టిపోయిన తన బండి మీద నాకంటే ముందే ఊరు చేరాడు.

నేను పోయేసరికి చెట్టుకు కొంచెం దూరంలో జనం. ముక్కులకు తువ్వాళ్లు, కొంగులు. అందరికంటే ముందు పాండు, చేతిలో గొడ్డలి.

"వచ్చింది సూపర్ మేడం," అన్నాడు. "ఊరికి రోగమొస్తే నీకు సంబరమా?"

"రోగం కాదన్నా, జర ఇను."

"పాజిటివ్ అన్నవా, లేదా?"

"అన్న."

"సూపర్ అన్నవా, లేదా?"

"అన్న."

"ఇంకేం ఇనాలె?"

బస్సులో ఎవరికీ వినబడని సారు మాటను ఇప్పుడు అందరికీ వినబడేలా చెప్పాను. చెట్టు కొడితే గబ్బిలాలు మాయం కావనీ, చెదిరిపోయి ఇళ్ల దగ్గరి చెట్లకే చేరతాయనీ చెప్పాను.

"చెట్టు పోతే నీ నౌకరి పోతదని చెప్తున్నవు," అన్నాడు జంగప్ప.

"పోతది," అన్నాను. "అది నిజమే. గబ్బిలాలు ఇండ్ల మీదికొస్తయన్నది గూడ నిజమే."

రోజూ మధ్యాహ్నం పూట తన మేకల్ని ఆ చెట్టు నీడన నిలిపే బీరన్న ముందుకొచ్చాడు. "ఎన్నటికీ మనుషులకు అంటదని రాసిస్తవా బిడ్డా?"

"రాసియ్యలేను పెద్దయ్యా. నాకు తెల్వది. తెల్సుకుందామనే నెలనెలా వస్తున్న."

ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. పాండు గొడ్డలి ఎత్తుకొని చెట్టు వైపు నడిచాడు.

"ఆగురా పాండుగా!" చెట్టు గల భాగమ్మ అడ్డమొచ్చింది. "కరోనా దినాలల్ల నీకు పాజిటివ్ వచ్చింది గదా. గొడ్డలి పట్టుకోని నీ మీదికొచ్చినమారా?"

"నేను మనిషినే అవ్వా!"

"ఏం మనిషివిరా! బాయికాడి గుడిసెల పండబెట్టి, దావకు అడ్డం కంప కొట్టినం. దూరంకెల్లి బువ్వ పెట్టినం. మంచిగ లేసి తిరుగుతున్నవు. గా చెట్టుకు గూడ గట్లనే కంప కొడదాం. ఎవ్వరు కిందికి పోకుర్రి, అయిపాయె."

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత పాండు కూడా నవ్వాల్సి వచ్చింది. బీరన్న తన మేకల దొడ్డి కోసం కొట్టి పెట్టిన తుమ్మ కంప తెమ్మన్నాడు. కిందికి మేకలు పోవద్దు, పిల్లలు పోవద్దు, గబ్బిలం కొరికిన పండు ముట్టొద్దు అని నేను చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ ఆ కంప ఒక్కటే చెప్పేసింది.

"ఎన్ని దినాలు ఉంచాలె?" అని అడిగాడు పాండు.

"ఏడాది."

"నన్ను పద్నాలుగు దినాలకే ఇడిసిరి!"

ఆ రోజు మాస్కు, గ్లౌజులు వేసుకొని, కంప తొలగించిన సందులోంచి లోపలికి పోయి, షీటు పరిచి, శాంపిల్ తీసుకున్నాను.

మరుసటి నెల పోయేసరికి ఆ సందుకు ఒక తడిక కట్టి ఉంది. పక్కన పాండు నిలబడి ఉన్నాడు. "మాస్కు పెట్టుకోని పో మేడం. ఎవలకైనా ఒకటే రూలు."

మాస్కు పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. సారు. పోయిన నెల శాంపిల్ ఫలితం వచ్చి ఉంటుంది. భాగమ్మ చేటలో గింజలు చెరగడం ఆపింది. బీరన్న మేకల్ని అదిలించడం ఆపాడు. జంగప్ప బండి ఆపాడు.

ఈసారి నేను స్పీకర్ పెట్టాను.

"నవనీతా, నెగిటివ్," అన్నారు సారు. "అయినా ప్రతి నెలా చూస్తూనే ఉండాలి... ఏంటమ్మా ఆ గోల? నీ దగ్గర ఎవరెవరున్నారు?"

"పేషెంటు తాలూకు వాళ్లు సార్," అన్నాను.