కండెలు చుట్టే మనిషి

ఈరోజు ఇంట్లో మగ్గం మీద నాన్న, రాట్నం ముందు అమ్మ, టీవీ ముందు నానమ్మ, మంచం మీద ఫోన్‌తో అన్న హరీశ్, వంటింట్లో నేను. కొత్తవాడలో మా ఇల్లు చిన్నది. మగ్గం ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. ఆ చప్పుడులోనే సాయంత్రంలోపు నేను ఒక పాఠం రికార్డు చేసి పంపాలి.

మా డిగ్రీ కాలేజీలో విజయశ్రీ మేడం ఎకనామిక్స్ చెప్తారు. ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికే ఇంగ్లిష్ పుస్తకం తీసుకుని, ఏఐతో తెలుగులో పాఠం రాయించి, దాని గొంతుతోనే చదివించి మాకు పంపుతారు. "తప్పుంటే మార్చండి. ఈ పుస్తకాన్ని మార్చుకునే హక్కు మీకుంది" అంటారు. ఊరి బడిలో చదివిన నాకు పుస్తకాన్ని మార్చొచ్చని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఈసారి పాఠంలో చేనేత కుటుంబం ఉదాహరణగా వచ్చింది. భర్త నేస్తాడు, భార్య గృహిణి, కాబట్టి ఆ ఇంట్లో పనిచేసేది ఒక్కరే అని రాసింది ఏఐ. క్లాసులో నోరు తెరవలేక మేడంకి మెసేజ్ పెట్టాను: మా అమ్మ నూలు కండెలు చుట్టకపోతే నాన్న మగ్గం ఆడదు. "అదే పాఠంలో దిద్ది, నీ గొంతుతో చదివి సాయంత్రంలోపు పంపు. నీది రాకపోతే రేపు క్లాసులో ఏఐ చదివిందే వినిపించాలి" అని జవాబిచ్చారు.

ఏఐ రాసింది ఇంట్లో చదివి వినిపిస్తే నాన్న నవ్వాడు.

"కరెక్టే రాసింది గదనే. కండెలు చుట్టుడు గూడ పనేనా? టీవీ సూసుకుంట చుట్టొచ్చు."

"ఆ ఏఐకే గొంతుంటది, అదే సదువుతది. నువ్వు పోయి చాయ్ పెట్టు" అన్నాడు అన్న.

అమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. భుజం పట్టేస్తే నూనె రాసుకుని మళ్లీ తిప్పుతుందే తప్ప నొప్పని అనదు. నేనూ ఆమె కూతుర్నే. చాయ్ పెట్టాను. మధ్యమధ్య రికార్డు చేసి వింటే మగ్గం చప్పుడే ఉంది, నా గొంతు లేదు. పోనీ, ఉన్నదే వినిపించనీ అనుకున్నాను.

అప్పుడు రాట్నం ఆగింది. కాసేపటికి మగ్గం కూడా ఆగింది.

"కండె ఏదే?" కేకేశాడు నాన్న.

"అయిపోయినయ్."

"మరి చుట్టవా?"

"జర నువ్వే చుట్టుకో, టీవీ సూసుకుంట."

నానమ్మ కిసుక్కున నవ్వి టీవీ సౌండు తగ్గించింది. అమ్మ నా చేతిలోంచి చాయ్ గిన్నె లాక్కుని నన్ను లోపలి గదిలోకి నెట్టింది.

"గట్టిగ సదువు బిడ్డా. ఎవ్వల్ని రానియ్య" అని, బయటి నుంచి తలుపు వేసేసింది.