గోడ మీద బూయక్ నీడ

ఆటు మొదలై సముద్రం వెనక్కి తగ్గగానే ఎఫీ గేటుకు చుట్టిన తాడు విప్పుతుంది. ఆ గేటుకు గడియ ఊడిపోయి ఏడాది కావస్తోంది. కొత్తది బిగించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఆవులు మూడూ అప్పటికే అక్కడ నిలబడి ఉంటాయి. రాత్రి గాలికి ఒడ్డున పడ్డ సముద్రపు నాచు వాటికి చలికాలమంతా ఫలహారం. ముందు ముసలావు, దాని వెనక ఎర్రావు, అన్నిటికన్నా వెనక బూయక్.

బూయక్ అంటే వాళ్ళ గేలిక్ భాషలో పసుపుపచ్చనిది అని. నిజంగానే దాని ఒంటి మీది బారు వెంట్రుకలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. వాన ఎంత కురిసినా నీళ్ళు ఆ వెంట్రుకల మీంచే జారిపోతాయి గాని చర్మం దాకా దిగవు. అసలు సిసలు హైలాండ్ జాతి. మూడేళ్ళ పెయ్య, ఇంకా చూలు కట్టలేదు. రాళ్ళ మధ్య గిట్ట ఎక్కడ పెట్టాలో దానికి ఎవరూ నేర్పలేదు. తల్లిని చూసి నేర్చుకుంది.

ఎఫీ వాటిని లెక్కపెడుతుంది. ఉన్నవి మూడే అయినా ఒడ్డుకు దిగేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. పోయిన మార్చి దాకా నాలుగు.

ఆ రోజు ఫిబ్రవరి రెండో శనివారం. ఆబోతును ఎంచుకునే రోజు.

స్కారవిక్ అనే ఆ దీవి ఊళ్ళో పదకొండు ఇళ్ళకూ కలిపి ముప్ఫై నాలుగు ఆవులున్నాయి. మాంసానికి పెంచే పశువులే అన్నీ. అక్టోబరు సంతకు దూడలు ఓడెక్కుతాయి. ఒక ఇంటికి రెండో మూడో ఆవులుంటే విడిగా ఆబోతును మేపే తాహతు ఎవరికుంటుంది? అందుకని ఊరంతటికీ ఒకటే ఆబోతు. జూన్‌లో వచ్చి, ఉమ్మడి పచ్చిక బీట్లో అందరి ఆవులతోనూ తిరుగుతుంది. మూడేళ్ళు గడిచేసరికి దాని కూతుళ్ళే ఎదకొస్తాయి కాబట్టి దాన్ని పంపేసి ఇంకొకటి తెచ్చుకోవాలి. ఏ జాతిది తేవాలన్నది గోడ చెబుతుంది.

ఆ గోడ మరియన్ ఇంటిది. మరియన్ పోయి ఎనభై ఏళ్ళయింది. ఇంటి కప్పు పోయింది, తలుపు పోయింది, సముద్రం వైపు గోడ ఒక్కటి మిగిలింది. చలికాలపు సాయంత్రం మబ్బుకూ సముద్రానికీ మధ్య సందులోంచి సూర్యుడు తొంగిచూసే ఆ కాసేపట్లో, ఆబోతు వెంట్రుకల కుచ్చొకటి ఆవు తోకకు కట్టి గోడ ముందు నిలబెడితే, ఆవు నీడ పక్కన పుట్టబోయే దూడ నీడ కూడా పడుతుంది. కుచ్చులు సముద్రం అవతలి పెద్దనేల నుంచి కవర్లలో పోస్టులో వస్తాయి. వాటిని తెచ్చేది పోస్టు వ్యాను నడిపే యూవనే.

ఎఫీ ఇంటికొచ్చేసరికి బాబాయి లాక్లన్ పొయ్యి దగ్గర ఓట్స్ రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. ఆయనకు ఎనభై నాలుగు. ఎఫీకి నలభై ఆరు.

“బూయక్‌ను దువ్వావా?” అన్నాడు.

“దేనికి?”

“గోడ దగ్గరికి తీసుకెళ్తున్నావుగా.”

“ఎవరు చెప్పారు?”

“నిన్నంతా కూచుని కొత్త పలుపు అల్లావు. మనం ఉండేది రెండు గదుల ఇల్లు. కళ్ళు మసకైతే మాత్రం ఆ మాత్రం కనబడదా నాకు?”

ఎఫీ టీ పోసుకుని ఆయన ఎదురుగా కూచుంది. కిటికీ గట్టు మీద పెద్దనేలలోని మాలెగ్ రేవు చేపల షెడ్డు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. మే నెలలో పనిలో చేరమని. బీట్లో తన వాటా అప్పటి నుంచి తీసుకోమని ఆమె యూవన్‌కు ముందే చెప్పేసింది. మళ్ళీ కాస్త ఆగమని కూడా చెప్పింది.

“మాలెగ్‌లో నన్ను ఏ కిటికీ దగ్గర కూచోబెడతావు?” అన్నాడు లాక్లన్.

“రేవు కనబడే కిటికీ.”

“రేవులో ఆవులుండవే.”

“బాబాయ్, నేను చెప్పేది విను. మళ్ళీ ఆ షారలే జాతి ఆబోతే వస్తే నేను బూయక్‌ను బీట్లోకి వదలను. అమ్మేస్తాను. అది కూడా లేకపోయాక నాకిక్కడ పనేమిటి చెప్పు.”

పోయిన మార్చిలో బూయక్ తల్లి బ్లారక్ ఈనలేక చనిపోయింది. కడుపులో ఉన్నది తెల్ల షారలే ఆబోతు దూడ. బలమైన జాతి. ఎముకలు లావు, తొడలు లావు, సంతలో అందరి కళ్ళూ దాని మీదే. కాని బ్లారక్ చిన్న ఆవు. గాలికి పడవలు ఆగిపోయి పశువుల డాక్టరు రాలేదు. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా యూవన్, ఎఫీ ఇద్దరూ దూడ కాళ్ళకు తాడు కట్టి లాగారు. దూడ చచ్చి పుట్టింది. సాయంత్రానికి తల్లి పోయింది. దాని తల ఒళ్ళో పెట్టుకుని ఎఫీ కూచుంటే, గడ్డి నోటికి అందించి చూసింది బూయక్కే.

“దువ్వు,” అన్నాడు లాక్లన్ రొట్టె కొరుకుతూ. “ఊళ్ళోవాళ్ళు చూస్తారు.”

నాలుగున్నరకు అందరూ మరియన్ గోడ దగ్గర చేరారు. ఉమ్మడి బీటి గుమస్తా హెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. యూవన్ తన ఆవు షీలాను అప్పటికే నిలబెట్టి ఉంచాడు. షీలా పెద్దనేల నుంచి కొనితెచ్చిన ఆవు. వెన్ను మీద గుడ్డ పరిచి భోజనం పెట్టవచ్చు, అంత వెడల్పు. గోడ ముందు ఎవరి ఆవు నిలబడాలన్న మాట ఊళ్ళో ఎన్నడూ రాలేదు. ఉన్నవాటిలో ఎత్తయినది ఏదో అదే నిలబడేది. పదిమందీ ఫొటో దిగేటప్పుడు మంచి కోటు ఉన్నవాణ్ణి ముందు నిలబెట్టినట్టు.

ఎఫీ బూయక్‌ను నడిపించుకుంటూ రావడం చూసి, బడి బస్సు నడిపే పెగ్గీ ఆన్ పక్కకు జరిగింది. “ఏం ఎఫీ, గొర్రెను కూడా తెచ్చావా చూపించడానికి?”

“నీ బస్సులో పిల్లలకంటే బుద్ధిగా నిలబడుతుందిలే.”

“అది నిజమేలే, పాపం.”

హెక్టర్ టోపీ సర్దుకున్నాడు. “ఎఫీ, ఎండ ఉండేది పావుగంట. రెండు ఆవులకు చాలదు.”

“తెలుసండీ. ఒక్కటే చాలు. దీన్ని నిలబెట్టండి.”

“ఎప్పుడూ షీలాయే కదా నిలబడేది,” అన్నాడు యూవన్. కోపంగా అనలేదు. వాన పడితే తడుస్తాం కదా అన్నట్టు అన్నాడు.

“అవును, మూడేళ్ళ కిందట కూడా అదే నిలబడింది. దూడ నీడ చూసి అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను. గోడ అబద్ధమాడలేదు యూవన్. షీలాకు ఎలాంటి దూడ పుడుతుందో చెప్పింది, అలాంటిదే పుట్టింది. బ్లారక్ మాట దాన్ని మనం అడగలేదు.”

ఈ ఊళ్ళో ఆవుల్లో సగానికి పైగా బూయక్ లాంటివే. నాచు తిని, కొండ గడ్డి తిని, వానలో నిలబడి బతికే చిన్న ఆవులు. అవేవీ ఎన్నడూ ఆ గోడ ముందు నిలబడలేదు. యూవన్ తన అరచేతులు చూసుకున్నాడు. పోయిన మార్చిలో తాడు కోసుకుపోయిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆయన షీలా మెడ తట్టి, “పద తల్లీ, ఇవాళ నీకు సెలవు,” అని పక్కకు తీసుకుపోయాడు.

ఎదుట కంచె దగ్గర పోస్టు వ్యాను ఆగి ఉంది. ముందు సీట్లో దుప్పటి కప్పుకుని లాక్లన్ కూచున్నాడు. ఆయన్ను ఇంటి నుంచి తీసుకొచ్చిందీ యూవనే.

సూర్యుడు మబ్బు కింద నుంచి జారాడు. గోడ రాగి రంగుకు మారింది.

మొదటి కవరులోంచి హెక్టర్ షారలే ఆబోతు తెల్లకుచ్చు తీసి బూయక్ తోకకు ఉన్ని దారంతో కట్టాడు. గోడ మీద బూయక్ నీడ పక్కనే ఇంకో నీడ లేచింది. లేవడమే ఏడాది దూడంత లేచింది. భుజాలు, మెడ, వెనక తొడలు.

“ఆ తొడలు చూడండి, తలుపులంత ఉన్నాయి,” అంది పెగ్గీ ఆన్. మగవాళ్ళు నాలుకలు చప్పరించారు. సంతలో ఆ దూడ ఎలా నడుస్తుందో అందరికీ కనబడుతోంది.

వ్యాను అద్దం దించి లాక్లన్ అన్నాడు, “దూడను చూడటం అయిందా? ఇక తల్లిని చూడండి.”

గోడ ముందు బూయక్ నిలబడి తాపీగా నెమరు వేస్తోంది. గోడ మీద దాని నీడ ముందు మోకాళ్ళు మడిచింది. తర్వాత వెనక కాళ్ళు. పక్కకు ఒరిగింది. కొమ్ముల నీడ గడ్డిని తాకింది, ఇక కదల్లేదు. దూడ నీడ దాని పక్కన అంత బారునా నిలబడే ఉంది. కాసేపటికి అది కూడా తల్లి పక్కనే పడుకుంది.

కుచ్చు విప్పబోతే హెక్టర్ వేళ్ళకు ముడి చిక్కలేదు. యూవన్ వచ్చి విప్పాడు.

రెండోది నల్లకుచ్చు, యాంగస్ జాతిది. తల్లి నీడ కుదురుగా నిలబడింది. కొమ్ముల్లేని గుండ్రటి దూడ ఒకటి పాలు తాగి, బలిసి, గోడ చివరిదాకా నడిచి రేవు వైపు వెళ్ళిపోయింది.

“ఫరవాలేదు,” అన్నాడు హెక్టర్. ఆ దీవిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

మూడో కుచ్చులో ఎరుపూ తెలుపూ కలగలిసి ఉన్నాయి. షార్ట్‌హార్న్, పొట్టి కొమ్ముల జాతి. దూడ నీడ చిన్నగా లేచింది.

“ఇంతేనా?” అంది పెగ్గీ ఆన్.

“నీ పెళ్ళినాడు నీ మొగుణ్ణి చూసి మేమూ అలాగే అన్నాం,” అన్నాడు లాక్లన్ వ్యానులోంచి. “ఆగి చూడు.”

తల్లి నీడ నిలబడే ఉంది. తల తిప్పి దూడను నాకింది. పెయ్యదూడ. చూస్తుండగానే పెరిగింది. తల్లికున్నట్టే మెడ కింద బారు జూలు వేలాడింది, నడుము మాత్రం తల్లికంటే వెడల్పు, పొదుగు నిండుగా దిగింది. గోడ చివరి దాకా వెళ్ళి, రేవు వైపు చూసి, వెనక్కి తిరిగి వచ్చేసింది. దాని పక్కన మరో నీడ లేచింది. లావు ఎముకలు, తలుపులంత తొడలు. తల్లి మీద తూలి, నిలదొక్కుకుని, పొదుగు వెతుక్కుంది. తల్లి కాళ్ళు వెడం చేసి దానికి చోటిచ్చింది.

యూవన్ గోడకు దగ్గరగా వెళ్ళాడు. “ఈ తొడలు నాకు తెలుసు. ఇది షారలే దూడ.”

“మరేమనుకున్నావు?” అన్నాడు లాక్లన్. “నీ తెల్ల ఆబోతును ఎవరు వద్దన్నారు? దాన్ని మోయగల తల్లిని ముందు తయారు చేసుకో. బూయక్ మీదికి ఈ పొట్టి కొమ్ములవాడు రావాలి. పుట్టిన పెయ్యకు తల్లి నుంచి వెంట్రుకలొస్తాయి, తండ్రి వైపు నుంచి పాలొస్తాయి, ఇద్దరికీ లేని పుష్టి కూడా ఎక్కడి నుంచో వస్తుంది. దాని మీదికి తెచ్చుకో తెల్లవాణ్ణి. అయిదారేళ్ళు పడుతుంది. నాకే లేని తొందర నీకెందుకురా?”

పొట్టి కొమ్ములవాడు కావాలన్నవాళ్ళను హెక్టర్ చేతులెత్తమన్నాడు. తొమ్మిది లేచాయి. పెగ్గీ ఆన్ తన భర్త చేతిని కూడా పట్టుకుని ఎత్తింది. అందరికన్నా చివర యూవన్ చెయ్యి లేచింది.

ఎఫీ కుచ్చు విప్పి హెక్టర్‌కు ఇచ్చేసి, బూయక్‌ను ఇంటివైపు మళ్ళించింది. నాలుగు వెంట్రుకలు, ఎర్రవి రెండు, తెల్లవి రెండు, ఆమె కోటు చేతికి అంటుకుని ఉండిపోయాయి. ఆమె చూసుకోలేదు. సూర్యుడు సముద్రాన్ని తాకాడు. గోడ మీద ఆమె నీడ కదిలింది.

ఆ నీడకు నడుము వంగి ఉంది. తలకు గుడ్డ, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పలుపు. దాని ముందు ఆవులు వరుసగా ఒడ్డువైపు నడుస్తున్నాయి, బారు జూలువి, వెడల్పు నడుములవి. ఎఫీ ఆగిపోయింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే.

హెక్టర్ గోడను చూసి, తర్వాత గడియారం చూసుకున్నాడు. పెగ్గీ ఆన్ షాలు బిగించుకుని చలి పెరిగిందంది. వ్యానులో లాక్లన్ కళ్ళు మూసుకున్నాడు, నిద్ర పట్టినవాడిలాగా. సూర్యుడు దిగిపోయాడు. గోడ మళ్ళీ రాళ్ళ గోడ అయింది.

యూవన్ షీలాను తోలుకుంటూ ఆమె పక్కన నడిచాడు.

“మేలో నీ వాటా తీసుకోమన్నావు,” అన్నాడు కంచె దాటాక. “తీసుకుంటే ఆ పక్క కంచెకు కర్రలు తెప్పించుకోవాలి. అందుకని అడుగుతున్నా.”

ఎఫీ నడుము మీద చెయ్యి వేసుకుని, ఒకసారి నిటారుగా నిలబడి చూసుకుంది.

“ఇది అలా వంగాక అడుగు,” అంది.

యూవన్ తల ఊపాడు. “అప్పటికి నాకు ఆ కర్రలు మోసే ఓపిక ఉండదు.”

“నీ వ్యానులో సుత్తి ఉందా?”

“ఉంది. దేనికి?”

“గేటుకు గడియ బిగించాలి.”